తుడిస్తే పోని మసి

మా ఆడబిడ్డ పోయింది. పట్నం దవాఖానలో తెల్లవారుతుండగా కన్నుమూసిందని, కల్వకుర్తిలో ఉండే నా కూతురు ఫోన్ చేసి చెప్పేసరికి మేము మందకు ఉన్ని కత్తిరిస్తున్నాం. మా ఇంటాయన, అంటే ఆమె అన్న, చేతిలోని గొర్రెను సగం ఉన్నితోనే వదిలేశాడు. దినాలయ్యేదాకా అది అట్లాగే తిరిగింది.

పరామర్శకు వచ్చిన, దాయాది వరసైన మా పాలోళ్ళ పెద్దాయన అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతూ, "పెద్ద సదువు సదివిందంటరు గని, ఏం జేసిందమ్మా? ఇనుముకు మసి పూసుడే గద!" అన్నాడు. చావింట్లో నోరు చేసుకోవద్దని పళ్ళు బిగబట్టాను. ఆ మాట ఇంకొకరి నోట రాకూడదు. నాకు అక్షరం రాదు కాబట్టి మనుమరాలిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. ఆ మసి ఏమిటో మీరు వినాలి.

గొర్ల వెనక తిరిగే ఇంట్లో పుట్టి, ఇనుమును పరీక్షించే పెద్ద ప్రయోగశాల దాకా పోయింది మా ఆడబిడ్డ. సెలవుకు వస్తే కుర్చీలో కూర్చునేది కాదు, మంద దగ్గర గొంగడి పరుచుకునేది. ఏది కనబడినా బొటనవేలితో రుద్ది చూసేది. గిన్నె, గొళ్ళెం, చివరికి నా కాలి మట్టెలు కూడా.

"నా కాలు ఇడువవే, సిగ్గుంటలేదా?"

"ఎట్ల అరిగినయో సూస్తున్న వదినె. నువ్వు కుడికాలు గట్టిగ ఏస్తవు. కోపం ఎక్కువున్నోళ్ళ మట్టెలు గిట్లనే అరుగుతయి."

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా ఇంటాయన బొటనవేలి కీలు వాచింది. మా దిక్కు ఉన్నిలో ఎర్రమట్టి, ఇసుక దూరి ఉంటాయి. కత్తెర రెక్కలు రాసుకున్నప్పుడల్లా ఇసుక గీకి, కత్తెర బరువుగా నడుస్తుంది. ఇక చేత కాదు, మందను అమ్మేద్దాం అన్నాడు.

"అన్నా, కత్తెర నాకియ్యి" అంది ఆడబిడ్డ.

"నీకిచ్చి ఉన్ని పండ్లతోటి కొరుకాల్నా?"

"ఇంకోటి ఉంది గద. ఉన్నిల దులిపిన మట్టి గూడ జర మూటగట్టు."

బస్సులో కండక్టర్ మూటలో ఏముందని అడిగితే, "మా తల్లిగారింటి మట్టి. టికెట్ కొడ్తవా?" అన్నదట.

గాలి తీసేసిన పెట్టెలో, ఇనుము మీద బొగ్గు జాతి పొర పట్టించడం ఆమె పని. వెంట్రుక కన్నా ఎంతో పలచని పొర. "బొగ్గు, వజ్రం ఒక్క తల్లి పిల్లలే వదినె. ఈ పొరకు వజ్రం గుణం జరంత ఉంటది. అరగదు, జారుతది" అనేది. ఆ పొరను వజ్రపు మొనతో నొక్కేది, గీరేది, చిన్న గుండుతో గంటలకొద్దీ రుద్దేది. ఎక్కడ లేస్తుందో, ఎంత అరుగుతుందో చూసేది. మా మట్టి చల్లి రుద్దే పరీక్షకు అక్కడ 'అన్న పరీక్ష' అని పేరు పడిందట.

కత్తెర నల్లగా మెరుస్తూ వచ్చింది. మా ఇంట్లో కొత్త ఇనుము గొర్రెను తాకేముందు, పసుపునీళ్ళు చల్లిన రాయి మీద నూరాలి. పొర పట్టింది కాబట్టి ఇదీ కొత్తదే అని, మా ఇంటాయన భక్తిగా లోపలా బయటా నూరాడు. నలుపంతా పొట్టులా లేచింది. నెలల కష్టం! ఆడబిడ్డ ఏడుస్తుందనుకున్నాను.

ఆమె కత్తెరను ఎండకు పట్టి చాలాసేపు చూసి, నవ్వింది.

"రాయి తగలని కాడ గూడ లేసింది అన్నా. సగం తప్పు నీది, సగం నాది. గట్టిదనం ఒక్కటుంటే సాలదు, పట్టుండాలె."

"ఏమన్న జెయ్యి పిల్లా, రాయి మీద నూరకుంట నేను గొర్రెను ముట్ట."

"నిన్నెవరు మానుమన్నరు?"

సున్నం వేసేముందు గోడకు మట్టి మెత్తినట్టు, ఈసారి నల్లపొర కింద ఇంకో లోహపు పొర వేసింది. రెక్కలు ఒకదానినొకటి రాసుకునే లోపలి ముఖాలకే నలుపు పట్టించింది. పదును పెట్టే బయటి వాలును రాయికే వదిలింది. "బయట నీది, లోపల నాది" అని అన్న చేతిలో పెట్టింది.

కత్తెర తేలికగా నడిచింది. మందను అమ్మలేదు. అంచు దగ్గర పలచబడినప్పుడల్లా ఆమే తీసుకుపోయి మళ్ళీ పట్టించి తెచ్చేది. ఇప్పుడున్నది ఆమె చేతి చివరి పొర.

దినాలయ్యాక మా ఇంటాయన ఆ సగం ఉన్ని గొర్రెను పట్టుకొచ్చాడు. పాలోళ్ళ పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు. నేను కత్తెర రెక్కలు విప్పి ఆయన ముందు పెట్టాను.

"మసి అన్నవ్ గద మామా. తుడువు."

బొటనవేలితో రుద్దాడు. తెల్ల తువ్వాల కొసను తడిపి రుద్దాడు.

"ఇంకా గట్టిగ మామా! మా ఆడిబిడ్డ నీకన్న గట్టిగనే రుద్ది సూసింది."

ఆయన కత్తెరను మా ఇంటాయనకు అందించాడు. గొర్రె రెండో పక్క ఉన్ని రాలసాగింది. రెక్కలు విచ్చుకున్నప్పుడల్లా లోపలి నలుపు తళుక్కుమంటోంది. అరుగు మీద పెద్దాయన తన తువ్వాల కొసను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. అది తెల్లగానే ఉంది.