మూత వేయని సమాధి

అది 1997, మార్చి నెల. అప్పట్లో నేను సామర్లకోట, కాకినాడ చుట్టుపక్కల ఊళ్ళలో తాపీ పని చేసేవాణ్ణి. ఇళ్ళు, పశువులకు కుడితి తొట్లు, ఏదొస్తే అది కట్టేవాణ్ణి. ఈస్టరు దగ్గర పడితే మాత్రం అన్నీ సమాధుల పనులే. క్రైస్తవులు ఆ రోజు తెల్లవారుజామునే సమాధుల తోటకు వెళ్ళి, తమవాళ్ళ దగ్గర కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడతారు. అంచేత బీటలు పూడ్పించేవాళ్ళు, సున్నాలు వేయించేవాళ్ళు, కొత్తవి కట్టించేవాళ్ళు నాకు ఊపిరి సలపనిచ్చేవారు కాదు. నేనేమో వెంకన్నబాబు భక్తుణ్ణి. "స్నానం చెయ్యకుండా గడప తొక్కారో, ఊరుకోనండి!" అని మా ఆవిడ ఆ నెలంతా గుమ్మంలోనే కాపలా ఉండేది.

సముద్రం పక్కన ఒక ఊళ్ళో పాత సమాధికి ప్లాస్టరింగ్ చేస్తుంటే సుజాత అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో.

"మేస్త్రిగారూ, మా ఆయనకి సమాధి కట్టాలండి."

"ఎక్కడమ్మా? చూపించు."

ప్రహరీ పక్కన చదునుగా ఉన్న గడ్డినేల చూపించింది. మనిషిని పూడ్చిన చోట మట్టి కొన్నాళ్ళు గుట్టగా ఉంటుంది, తర్వాత కుంగుతుంది. అది కుంగాకే మేము పని మొదలుపెడతాం, లేకపోతే కట్టడం బీటలిచ్చేస్తుంది. ఇక్కడ గుట్టా లేదు, గుంటా లేదు.

"ఇక్కడ తవ్విన గుర్తే లేదేంటమ్మా?"

"ఇక్కడ లేడండి. ఎక్కడున్నాడో తెలీదండి."

ఆమె భర్త యోహాను చేపల బోటు మీద పనికి వెళ్ళేవాడట. వెనకటి దీపావళికి ముందు వచ్చిన తుఫానులో బోటూ తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు.

"మరి సమాధి దేనికమ్మా?" అనేశాను. నా నోటికి అదుపు తక్కువ.

"పండగనాడు అందరికీ కొవ్వొత్తి పెట్టుకోడానికి ఒక చోటుంటుందండి. నేనెక్కడ పెట్టుకోను? కెరటాల మీద పెట్టుకోనా? పాస్టరుగారిని అడిగానండి, కట్టుకోమన్నారు."

కొలత కోసం మనిషి పొడవెంతని అడిగాను. చెయ్యి పైకెత్తి, గాలిలో ఒకచోట ఆపి, "మా గుమ్మం దగ్గర ఇంత వంగేవాడండి" అంది. ఆ వంగడాన్ని అంగుళాల్లో ఎలా చూసుకోవాలో నాకు తెలియలేదు. మా తమ్ముడంత పొడవుంటాడనుకుని, దారం పట్టి గుర్తులు పెట్టాను.

రెండు వరసల ఇటుక లేచిందో లేదో ఒక ముసలావిడ కేకలేస్తూ వచ్చింది. యోహాను తల్లి మార్తమ్మ.

"ఆపు బాబూ, ఆపు! నా కొడుకు పోయాడని నీకెవడు చెప్పాడు? ఒరిస్సాలో తేలినోళ్ళు లేరా? బర్మా జైల్లో పడి తిరిగొచ్చినోళ్ళు లేరా? బతికున్నోడికి గొయ్యి కడతావా?"

"అత్తా, నేనూ ఆయన రావాలనే ఎదురుచూశాను. ఎన్నాళ్ళని ఏడవకుండా ఉండను?" అని సుజాత అక్కడే కూలబడింది.

నేను తాపీ కింద పెట్టేశాను. ముసలావిడ మాట వింటే అదీ నిజమే. ఈ పిల్లను చూస్తే ఇదీ నిజమే. మధ్యలో సిమెంటు కలిపేసి కూర్చున్నాను, అది గట్టిపడిపోతోంది. మార్తమ్మ కోడల్ని చూసింది. చివరికి నా వైపు తిరిగి, "సరే, కట్టు. మూత మాత్రం వెయ్యకు. నా బిడ్డ మీద మూత వెయ్యనివ్వను" అంది.

మూతంటే పైన వేసే స్లాబు. అది లేని సమాధిని నేనెప్పుడూ కట్టలేదు. నాలుగు గోడలు లేపి, లోపల కాస్త ఇసుక పోసి వదిలేశాను. దారినపోయేవాళ్ళు "ఏంటి మేస్త్రీ, సమాధుల్లో కుడితి తొట్టి కట్టావు?" అని ఆటపట్టిస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఈస్టరునాడు ఆగలేకపోయాను. చీకటితోనే సైకిలేసుకుని వెళ్ళి ప్రహరీ దగ్గర నిలబడ్డాను. పాస్టరుగారు బైబిలు చదువుతున్నారు. యేసు సమాధికి వెళ్తున్న ఆడవాళ్ళు, అంత పెద్ద రాయిని మనకెవరు దొర్లిస్తారని దిగులుపడుతూ వెళ్ళారట. తీరా చూస్తే రాయి అప్పటికే పక్కకు దొర్లి ఉందట, లోపల ఖాళీ అట, యేసు బతికి లేచాడట. ఆ మాట వినగానే అందరూ చప్పట్లు కొట్టారు. మొన్న శుక్రవారం తెల్లబట్టలు కట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్న మనుషులే, ఇవాళ సమాధుల మధ్య నిలబడి నవ్వుతున్నారు. ఇదేం చోద్యమో నాకు అంతుపట్టలేదు.

మార్తమ్మ నేను కట్టిన తొట్టి పక్కన కూర్చుని లోపలికే చూస్తోంది. సుజాత కొవ్వొత్తి వెలిగించి ఆమె చేతికిచ్చింది. ఆమె దాన్ని లోపల ఇసుకలో గుచ్చింది. సముద్రపు గాలికి చుట్టూ ఉన్నవాళ్ళ కొవ్వొత్తులు ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ వెలిగించుకుంటున్నారు. గోడల చాటున అదొక్కటి నిలకడగా వెలుగుతోంది.

ఉన్నట్టుండి మార్తమ్మ నన్ను చూసి పిలిచింది.

"మేస్త్రీ, రేపొచ్చి మూత వేసెయ్యి."

నాకు మతి పోయింది. "అదేంటి మామ్మగారూ! వద్దని మీరే కదా గొడవ చేశారు? అబ్బాయి మీద ఆశ వదిలేసుకున్నారా?"

"వదల్లేదయ్యా. నేను తెరిచి పెట్టకపోతే వాడు రాలేడనుకున్నాను. కాపలా కాసి కాసి అలిసిపోయాను. తీసేవాడు పైన వేరే ఉన్నాడు. ఆయనకి నువ్వేసే మూతొక లెక్కా?"

అని, ఒక్కసారిగా కోడల్ని పట్టుకుని గొల్లుమంది. అన్నాళ్ళూ ఆవిడ కంటతడి పెట్టలేదట. ఏడిస్తే కొడుకు పోయాడని ఒప్పుకున్నట్టేనని బిగబట్టుకుందట. నాకూ దుఃఖం ఆగక ప్రహరీ వైపు తిరిగిపోయాను.

మర్నాడు స్లాబు వేశాను. సిమెంటు గట్టిపడేదాకా రోజూ తడుపుతూ ఉండాలి, దాన్నే క్యూరింగ్ అంటాం. ఆ సంగతి చెప్పి వచ్చాను. మళ్ళీ అటు వెళ్తే మార్తమ్మ బిందెతో నీళ్ళు పోస్తూ కనిపించింది. పక్కన సుజాత ఇంకో బిందెతో నిలబడి ఉంది.

"తడుపుతున్నారా మామ్మగారూ?"

"ఆయ్. ప్రభువొచ్చి వాణ్ణి లేపేరోజు దాకా ఉండాలి కదయ్యా, బీటలివ్వకూడదు."

"ఇవ్వదులెండి, కింద నేల కదల్లేదు" అన్నాను. నిజంగానే అది బీటలివ్వలేదు.

లేచేవాడి కోసమైతే మూత ఎందుకు? మూసేశాక ఆమె ముఖంలోకి ఆ నెమ్మది ఎలా వచ్చింది? పాస్టరుగారిని అడిగితే ఏదో చెప్పారు, సగం అర్థమైంది. మూత వేయడమంటే అయిపోయిందని చెప్పడమేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. అప్పటినుంచి ఏ సమాధికి స్లాబు వేయాల్సి వచ్చినా, సిమెంటు కలిపే ముందే ఇంటివాళ్ళను పిలిచి "వేసెయ్యమంటారా?" అని అడుగుతాను. వాళ్ళు ఊ అనేదాకా తాపీ ముట్టుకోను.