మా అమ్మాయి వద్దన్న క్లాసు

ఫార్మింగ్టన్ హిల్స్‌కి దగ్గర్లో ఉన్న ఒక చిన్న కాలేజీలో నేను మొదటి సంవత్సరం పిల్లలకు బయాలజీ చెబుతాను. కణం అంటే ఏమిటన్న దగ్గర మొదలై డీఎన్ఏ దాకా నడిచే కోర్సు. గుంటూరులో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, పెళ్లయి ఈ దేశానికి వచ్చి, పని చేసుకునే అనుమతి వచ్చేదాకా ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత మళ్లీ చదివి సంపాదించుకున్న ఉద్యోగం ఇది. అందుకే మా అమ్మాయి సరిగ్గా ఆ కోర్సునే స్కిప్ చేస్తానన్నప్పుడు మనసు చివుక్కుమంది.

తనకి డాక్టర్ కావాలని కోరిక. ఇక్కడ మెడికల్ కాలేజీలో చేరాలంటే ముందు నాలుగేళ్ల డిగ్రీ చేయాలి. అందులో బయాలజీ, కెమిస్ట్రీ తప్పనిసరి. తను హైస్కూల్లోనే ఏపీ బయాలజీ చదివింది. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, స్కూల్లో ఉండగానే చదివే కాలేజీ స్థాయి పాఠం. ఆ పరీక్షలో ఐదుకి ఐదు వచ్చాయి. మొదటి ఏడాది బయాలజీ చదవకపోయినా చదివినట్టే చూస్తామని తను చేరబోయే యూనివర్సిటీ చెప్పింది.

"అదంతా నాకు వచ్చు అమ్మా. డైరెక్ట్‌గా జెనెటిక్స్ తీసుకుంటా," అంది ఒకరోజు భోజనాల దగ్గర.

"పరీక్ష రాయడం వేరు, రావడం వేరు."

మా ఆయన వరంగల్ మనిషి, కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. పెరుగన్నం కలుపుకుంటూ కూతురి వైపు మాట్లాడారు. "చదివిందే మళ్ల చదువుడెందుకు? ముందుకు పోతనంటున్నది, పోనియ్యి."

"మీరు ఊరుకోండి. కొన్ని మెడికల్ కాలేజీలు ఏపీ మార్కుల్ని ఒప్పుకోవు."

"ఒప్పుకోకుంటే పై క్లాసు చూపిస్తది. దానికేమున్నది?"

ఈ వాదన వేసవంతా సాగింది. యూనివర్సిటీ వాళ్లు కొత్త పిల్లల్ని, తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున అక్కడి అడ్వైజర్‌ని నేనే అడిగాను. ఆవిడ చాలా మర్యాదగా, రెండు దారుల్లో వెళ్లిన పిల్లలూ బాగానే ఉన్నారని, స్కిప్ చేస్తే మాత్రం పై స్థాయి బయాలజీ తప్పకుండా చదవాలని చెప్పింది. ఏ దారన్నది విద్యార్థే తేల్చుకోవాలట. ఎవరో ఒకరు గట్టిగా వద్దంటే బాగుండునని వెళ్లినదాన్ని, ఉసూరుమంటూ బయటికొచ్చాను.

తిరుగు ప్రయాణంలో డ్రైవ్ చేస్తూ అమ్మాయి అడిగింది. "నువ్వు చెప్పే క్లాస్ అని హర్ట్ అవుతున్నావా అమ్మా?"

"కొంచెం."

"అది నీ గురించి కాదు. బోర్ కొడితే నేను చదవను. నా సంగతి నాకు తెలుసు కదా."

ఆ సంగతి నాకూ తెలుసు. చిన్నప్పటి నుంచీ అంతే. తెలిసిన పాఠం ముందు పెడితే కిటికీలోంచి బయటికి చూస్తుంది, తెలియనిది పెడితే ఆకలి కూడా మర్చిపోతుంది. "సరే, జెనెటిక్సే తీసుకో," అన్నాను. అన్నానే గానీ, దిగులు తగ్గలేదు.

యూనివర్సిటీలో చేరాక, జెనెటిక్స్ మొదటి పరీక్ష మార్కులొచ్చిన సాయంత్రం అక్కడి నుంచి ఫోన్ చేసింది. సగానికి కాస్త పైన వచ్చాయి.

"వర్డ్స్ అన్నీ తెలుసమ్మా. కానీ ఏదో ఈగల ఎక్స్‌పెరిమెంట్ ఇచ్చి, రిజల్ట్ ఎందుకిలా వచ్చిందో చెప్పమన్నారు. నేనట్లా ఎప్పుడూ ఆలోచించలేదు."

నేను ముందే చెప్పానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ఎవరితో కలిసి చదువుతున్నావు?" అని అడిగాను.

"ఎవరూ లేరు. అందరూ సెకండ్ ఇయర్ వాళ్లు. పోయినేడాది ఫస్ట్ ఇయర్ ఇంట్రో బయాలజీ క్లాస్ నుంచే వాళ్ల గ్రూప్స్ వాళ్లకున్నాయి. నేను ఒక్కదాన్నే కూర్చుంటా."

వేసవంతా మేము సిలబస్ గురించీ మెడికల్ కాలేజీల గురించీ మాట్లాడుకున్నాం. ఒక క్లాసు వదిలేస్తే ఆ క్లాసులో దొరికే స్నేహితులు కూడా పోతారన్నది మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

అక్టోబర్‌లో తనకి నాలుగు రోజులు సెలవులొచ్చాయి. నాకు లేవు. ఇంట్లో ఏం తోచక నాతోపాటు ల్యాబ్‌కి వచ్చింది. ఆరోజు మా పిల్లలు తమ చెంప లోపలి కణాల్ని పుల్లతో తీసి, నీలం రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడాలి. పిల్లలంటున్నాను గానీ, వాళ్లలో ఒకావిడకి నలభై దాటాయి. వృద్ధుల హోమ్‌లో పనిచేస్తూ నర్సింగ్ చదవాలని చేరింది. ఎంతసేపు చూసినా ఆవిడకి గాలి బుడగలు తప్ప ఏమీ కనిపించలేదు. నేను ఇంకో బల్ల దగ్గర ఉంటే, మా అమ్మాయి వెళ్లి తక్కువ పవర్‌లో మొదలుపెట్టి చూపించింది.

ఆవిడ అలాగే వంగి ఉండిపోయింది. "ఇవి నిజంగా నావేనా?" అంది ఇంగ్లీషులో. ఆ వెంటనే, అన్ని కణాల్లోనూ ఉన్నది ఒకే డీఎన్ఏ అయితే, చెంపలోది చెంపలాగా, కంట్లోది కన్నులాగా ఎలా అయిందని అడిగింది.

మా అమ్మాయి బోర్డు దగ్గరికి నడిచింది. ఒక పెద్ద ఇల్లు గీసి, అన్ని గదులకీ వైరింగ్ ఒకటేననీ, ఏ గదిలో ఏ స్విచ్ వేశామన్నదే తేడా అనీ మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరు చేరారు. మరి ఆ స్విచ్ ఎవరు వేస్తారని ఒకతను అడిగితే, ఆగి, చెరిపి, మళ్లీ గీసింది. నేను చేతిలో స్లైడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తను పరీక్షలో రాయలేకపోయినది అలాంటి ఆలోచనే.

ల్యాబ్ అయ్యాక ఇద్దరం ఇంటికి బయల్దేరాం. ఫ్రీవే దిగాక అంది, "ఎవరికైనా చెప్తుంటే నాకే క్లియర్ అవుతోందమ్మా. అక్కడ చెప్పడానికి ఎవరూ లేరు."

"అడిగితే ఉంటారేమో."

అడిగింది. వెనక వరసలో కూర్చునే ఇద్దరమ్మాయిలకి కూడా మార్కులు సరిగా రాలేదట. ముగ్గురూ ఆదివారాలు లైబ్రరీలో బోర్డున్న గది బుక్ చేసుకుని ఒకరికొకరు పాఠం చెప్పుకున్నారు. సెమిస్టర్ చివరికి బీ ప్లస్ వచ్చింది. మా ఆయన ఆ రోజు స్వయంగా బిర్యానీ వండి, "జెనెటిక్స్ కన్నా ఇదే కష్టమున్నది," అన్నారు.

జనవరిలో తనంతట తానే ఇంట్రో బయాలజీ రెండో భాగంలో చేరింది. జంతువులు, మొక్కలు, పరిణామం ఉండే సగం అది. అక్కర్లేదని నేనే గుర్తుచేశాను.

"అది హైస్కూల్లో ఫాస్ట్‌గా అయిపోయిందమ్మా. ఇంకా, నా ఇయర్ వాళ్లందరూ అందులోనే ఉన్నారు."

ఇప్పుడు తను రెండో సంవత్సరం. మొన్న తెలుగు వాళ్ల పిక్నిక్‌లో, ఈ ఏడాది కాలేజీకి వెళ్లబోయే ఒకమ్మాయి ప్లేటుతో నా పక్కకొచ్చి కూర్చుంది. "ఆంటీ, నాకూ బయాలజీలో ఫైవ్ వచ్చింది. స్కిప్ చేయొచ్చా?"

"చేయకు," అన్నాను.

"చేయి," అంది మా అమ్మాయి వెనక నుంచి, "కానీ క్లాస్‌కి వెళ్లిన ఫస్ట్ డేనే పక్కవాళ్లతో మాట్లాడు."

ఆ పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మా అమ్మాయి కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చుంది. ముందు ఏ చాప్టర్లు బాగా వచ్చో చెప్పమని అడగడం మొదలుపెట్టింది. వాళ్లిద్దరినీ మాట్లాడుకోనిచ్చి, నేను మజ్జిగ తెచ్చుకోవడానికి లేచాను.