తాళం వేసిన లైబ్రరీలో పాఠకులు

పోయిన వారం సిరిసిల్ల గ్రంథాలయం నుంచి ఫోన్ వచ్చింది. రచయితతో ముఖాముఖి పెడుతున్నారట, నేను రావాలట. ఫోన్ చేసిన అమ్మాయి ఉత్సాహం చూసి కాదనలేకపోయాను. మరుసటి రోజు నా ఫొటో వేసిన ఫ్లెక్సీని వాట్సాప్‌లో పంపింది. అందులో నా జుట్టు ముప్పై ఏళ్ళ కింద కూడా లేనంత నల్లగా ఉంది. నా పుస్తకం వాళ్ళ దగ్గర ఉన్నదని చూపించడానికి ముందు అట్ట, వెనక అట్ట ఫొటోలు కూడా తీసి పెట్టింది. వెనక అట్ట లోపలివైపు, ఒకప్పుడు తేదీ చీటీ అంటించే చోట, ఇప్పుడు నల్లగీతల స్టిక్కరు ఉంది. పుస్తకం ఎవరైనా ఇంటికి తీసుకుపోయినప్పుడల్లా ఆ రోజు తేదీని రబ్బరు ముద్రతో ఆ చీటీ మీద కొట్టేవాళ్ళు. ఎంతమంది తీసుకుపోయారో దాన్ని చూస్తే తెలిసిపోయేది. మా కాలపు రచయితలం ఏ ఊరి లైబ్రరీకి పోయినా ముందు మా పుస్తకం వెతికి, ఎవరూ చూడకుండా వెనక అట్ట తిప్పి ముద్రలు లెక్కపెట్టుకునేవాళ్ళం. పైకి మాత్రం పాఠకుల కోసం రాయడం లేదని చెప్పేవాళ్ళం. ఆ స్టిక్కరు చూడగానే మా బావ గుర్తుకొచ్చాడు. చాలా ఏళ్ళ కింద ఇదే సిరిసిల్లలో జరిగిన మీటింగుకు బావ రావలసినవాడు, రాలేదు. రాకపోవడానికి కారణం నేనే.

బావ అంటే మా పెద్దక్క భర్త. బుగ్గారం వైపు పల్లెల్లో పోస్టుమాస్టరుగా చేసి జగిత్యాలలో స్థిరపడ్డాడు. ఫోన్లు లేని రోజుల్లో దుబాయి నుంచి, మస్కట్ నుంచి వచ్చే ఉత్తరాలు చదవగలిగినవాళ్ళు సగం ఇళ్ళలో ఉండేవాళ్ళు కాదు. బావే గడప ముందు కూర్చుని పైకి చదివి వినిపించేవాడు, జవాబూ తనే రాసేవాడు. రిటైరయ్యాక ఆ ఉత్తరాల మీద ఒక నవల రాశాడు. జీవితం మొత్తానికి ఒకటే పుస్తకం. సొంతంగా అచ్చు వేయించి, జిల్లాలోని ప్రతి లైబ్రరీకీ తనే ఒక్కో ప్రతి పోస్టులో పంపాడు. మిగిలిన కట్టలు మంచం కిందికి పోయాయి. అక్క కొన్నాళ్ళు చూసి, వాటి మీద చెక్క పరిచి బియ్యం డబ్బా పెట్టింది. ఆ పుస్తకానికి ముందుమాట నాది. రాతప్రతి నా చేతికి వచ్చినప్పుడు నేను కోరుట్ల హైస్కూల్లో టెన్త్ పేపర్లు దిద్దుతూ తలమునకలుగా ఉన్నాను. నలభై పేజీలు చదివాను. మిగతాది సెలవుల్లో చదువుదాంలే అనుకుని, "చివరిదాకా ఏకబిగిన చదివించే నవల" అని రాసిచ్చేశాను. ముందుమాటలు రాసేవాళ్ళలో ఈ జబ్బు కొత్తది కాదు, అందుకని నాకు పెద్దగా సిగ్గు కూడా అనిపించలేదు. సెలవులు వచ్చాయి, పోయాయి. పుస్తకం అచ్చయ్యాక, రాతప్రతిలో చదివిందే కదా అనుకున్నాను.

తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మె చేసి, ఆఫీసులు, బడులు, బస్సులు అన్నీ బందయి, మళ్ళీ అప్పుడప్పుడే తెరుచుకుంటున్న రోజులవి. రోడ్ల పక్కన రిలే దీక్షల శిబిరాలు ఇంకా ఎత్తేయలేదు. ఊళ్ళన్నీ మాట్లాడుతున్నాయి, పాడుతున్నాయి, పుస్తకం చదివే తీరిక మాత్రం ఎవరికీ లేదు. పాఠకులు మన దగ్గరికి రాకపోతే మనమే వాళ్ళ దగ్గరికి పోదామని నలుగురం రచయితలం తీర్మానించుకున్నాం. ముందు కోరుట్ల, తర్వాత జగిత్యాల, చివరికి సిరిసిల్ల. అప్పటికి ఇవన్నీ ఒకే జిల్లా. మాలో అందరికంటే పెద్దవాడు బావే, అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నవాడూ బావే. ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా, జేబులో సంతకాలకని కొత్త పెన్ను. పోస్టల్ డిపార్టుమెంటు పెన్నులు సరిగా రాయవని ఆయనకు జీవితాంతం ఫిర్యాదు.

కోరుట్లలో బస్టాండు దగ్గర నాకు బాగా తెలిసిన ముస్లిం పెద్దమనిషి ఒకాయన పుస్తకాల షాపు నడిపేవాడు. షాపు ముందు షామియానా వేయించి, కుర్చీలు తెప్పించాడు. నలుగురం వరసగా కూర్చుని, ముందు బల్ల మీద పుస్తకాలు పేర్చుకున్నాం. షామియానా కింద నలుగురు వరసగా కూర్చుంటే ఆ రోజుల్లో దానికి ఒకటే అర్థం. గంట తిరక్కముందే ఏదో సంఘం వాళ్ళు డప్పులతో వచ్చి మా మెడల్లో దండలు వేశారు. ఒక నాయకుడు మా త్యాగం గురించి చాలాసేపు మాట్లాడాడు. మేం రచయితలమని చెప్పబోతే, "ఇప్పుడు రచయితలు గూడ కూసున్నరు" అని మరింత గట్టిగా నినాదాలిచ్చారు. మధ్యాహ్నం ఆకలేసి మిర్చీలు తెప్పించమంటే షాపాయన నా చెవి దగ్గరికి వంగి, "సార్, జర సబర్ జేయుండ్రి. మీరు దీక్షల కూసున్నరని అందరు అనుకుంటున్నరు. ఇప్పుడు మిర్చీలు తింటే బద్నాం అయితరు" అన్నాడు. సాయంత్రం నిమ్మరసం ఇచ్చి మా దీక్ష విరమింపజేశారు. మేము ముగ్గురం కడుపు మాడినా నవ్వుకున్నాం. బావ నవ్వలేదు. రోజంతా ఆయన ముందున్న పుస్తకాన్ని ఒక్కరు కూడా తెరవలేదు. ఒకాయన చేతిలోకి తీసుకుంటే బావ ముఖం వికసించింది, ఆయన దాంతో కాసేపు విసురుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టి బావ అన్నాడు, "సదివినోడు ఒక్కడన్న కనవడాలెరా. ఒక్కడు సాలు. నేను ఊరందరి ఉత్తరాలు సదివిన. నేను రాసింది ఎవ్వలు సదువలే."

ఆ మాట నన్ను నిలవనీయలేదు. మంచే చేస్తున్నాననుకున్నాను, అది చెప్పుకోవాలి. జగిత్యాల మీటింగుకు రెండు రోజుల ముందు ఆ లైబ్రరీకి పోయాను. లైబ్రేరియన్ ఒకప్పటి నా శిష్యుడు. బావ పుస్తకం బీరువాలోంచి తీస్తే, వెనక చీటీ తెల్లగా ఉంది, జిగురు వాసన కూడా ఇంకా పోలేదు. తలుపు దగ్గరికి వేసి, తేదీలు తిప్పే ముద్ర ముందు పెట్టుకుని, గురుశిష్యులిద్దరం వారానికొకటి, పది రోజులకొకటి వచ్చేట్టు ముద్రలు కొట్టాం. సహజంగా ఉండాలని ఒకటి వంకరగా, ఒకటి సిరా అంటీ అంటనట్టుగా కొట్టాం. నా సాహిత్య జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు. "సార్, పోస్టుమాస్టరు సారు ఖుష్ అయితడు" అన్నాడు శిష్యుడు. నాకూ అలాగే అనిపించింది.

మీటింగు రోజు నేననుకున్నట్టే బావ ముందు బీరువా దగ్గరికి పోయాడు. వెనక అట్ట తిప్పాడు. ఆ క్షణం ఆయన ముఖం నేను మరిచిపోలేను; పెళ్ళినాడు కూడా అంత వెలుగు లేదని సభకొచ్చిన అక్క తర్వాత అనేది, అది నిజమే అయి ఉంటుంది. కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్కో ముద్ర మీద వేలు పెట్టి కిందికి వస్తూ, ఒక చోట ఆగాడు. మళ్ళీ పైకి పోయాడు, మళ్ళీ కిందికి వచ్చాడు. సమ్మె రోజుల్లో రిటైరైన ఉద్యోగుల శిబిరం సరిగ్గా ఆ లైబ్రరీ గేటు ముందే ఉండేది. బావ రోజూ పొద్దున్నే వచ్చి అక్కడ కూర్చునేవాడు. నాకూ నా శిష్యుడికీ ఆ సంగతి గుర్తే రాలేదు. "గీ తారీఖులల్ల లైబ్రరీకి తాళముండె గదరా" అన్నాడు నా వైపు చూడకుండా. "గేటు ముంగటనే కూసున్న నేను." ఆయన పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి, వేదిక ఎక్కి, తన వంతు వచ్చినప్పుడు మైకు ముందు రెండే మాటలు మాట్లాడాడు. "తాళమేసిన లైబ్రరీల గూడ నా పుస్తకం సదివిండ్రు. గిసొంటి పాఠకులు ఇంకే ఊర్ల ఉండరు." సభ అంతా చప్పట్లు కొట్టింది. ఉద్యమం గురించి అన్నాడనుకుని వెనక వరసల్లోంచి జై తెలంగాణ అని అరిచారు. మర్నాడు కబురు పంపాడు, సిరిసిల్లకు రానని.

సిరిసిల్లకు ముగ్గురమే పోయాం. లైబ్రరీ కిటికీల్లోంచి మరమగ్గాల చప్పుడు, వాటిని అక్కడ సాంచాలంటారు, మా ఉపన్యాసాలకంటే గట్టిగా వినిపిస్తోంది. మీటింగు అయిపోయాక నలభై ఏళ్ళ ఆవిడ ఒకరు బట్టసంచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "పోస్టుమాస్టరు సారు రాలేదా?" అని అడిగింది. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆమె సంచిలోంచి బావ పుస్తకం తీసింది. అట్ట చిరిగితే దారంతో కుట్టారు, పేజీల అంచులు గోధుమరంగుకు తిరిగాయి, తెరవకముందే బీడీల తంబాకు వాసన వస్తోంది. "గీ బుక్కు తీస్కపోయి రెండేండ్లాయె సారూ. వాపస్ ఇద్దామంటె మా వాడకట్టోళ్ళు ఇయ్యనిస్తలేరు. ఒకలు సదువుతం, కడమోళ్ళం బీడీలు చేసుకుంట ఇంటం. సదివేటామె వంతు బీడీలు గూడ మేమే చేసిపెడతం. మూడుసార్లు అయిపోయింది" అంది. వెనక చీటీ చూశాను. ఒకే ఒక్క ముద్ర ఉంది.

"గిందుల ఒక్క ముచ్చట సారును అడగాలని అచ్చిన" అందామె. "దుబాయి ఉత్తరం సదువుకుంట పోస్టుమాస్టరు ఒక మాట ఇడిసిపెట్టి సదువుతడు గదా, గా మాట ఏంది? వానికి అక్కడ ఇంకో పెండ్లాముందని మా అత్త అంటది. జబ్బు చేసిందని రాసిండని పక్కింటామె అంటది. నాకైతే, ఇగ నేను రాను అని రాసిండనిపిస్తది. మా ఆయన దుబాయి పోయి ఏడేండ్లాయె సారూ." నేను తెలిసినట్టు తల ఊపాను. ఆమె నన్నే చూస్తూ, "ముందుగాల నాలుగు ముక్కలు రాసింది మీరే గదా, మీకు ఎరుకలేదా?" అంది. అది ఆయనే చెప్పాలమ్మా, అడిగి చెబుతాను అన్నాను. బావకు చూపించడానికి పుస్తకం కూడా అడిగి తీసుకున్నాను. "మల్ల ఇస్తరు గదా" అని రెండుసార్లు అడిగి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే జగిత్యాల పోయాను. బావ వరండాలో పేపరు చదువుతున్నాడు. పుస్తకం చేతిలో పెట్టి సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "తంబాకు గూడ నువ్వే రుద్దినవా?" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. సిరిసిల్ల పోదాం పద, ఆమెను చూపిస్తానన్నాను. "ఎవలనన్న చూపియ్యొచ్చు" అన్నాడు. అప్పుడు ఆమె అడిగిన ప్రశ్న చెప్పాను. ఆ ఉత్తరం మాట వినగానే బావ కళ్ళలో ఏదో కదిలింది, కుర్చీలో ముందుకు జరిగాడు. అంతలోనే వెనక్కి ఆనుకుని, "నువ్వు సదివినవు గదా పుస్తకమంత. నీకు పుట్టిన సందేహమే ఆమె నోట్ల పెట్టినవు" అన్నాడు. ఒక్క మాట అంటే చాలు. నేను ఆ ఉత్తరం దాకా చదవనే లేదు బావా, అది నాకు పుట్టే సందేహం కాదు, అంటే చాలు. ఆ ఒక్క మాటతో సిరిసిల్లలో ఒక వాడకట్టు వాడకట్టంతా ఆయనదయ్యేది. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. సొంత బావమరిది కూడా చదవలేదని తెలిస్తే ఆయన తట్టుకోలేడని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నేను నా పరువు కాపాడుకున్నాను. బావ చాలాసేపు నా ముఖం చూసి, "చాయ్ తాగి పో" అని మళ్ళీ పేపరు తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంకే మీటింగుకూ రాలేదు. కొత్త పెన్ను అక్క పద్దులకు పనికొచ్చింది. రాష్ట్రం ప్రకటించక ముందే, ఒక చలికాలం, నాలుగు రోజుల జ్వరంతో పోయాడు.

కర్మకాండలు అయ్యాక బావ పుస్తకం చదివాను. నిజంగానే ఏకబిగిన చదివించింది. విడిచిపెట్టిన ఆ మాట ఏమిటో చివరిదాకా ఎక్కడా చెప్పలేదు. కానీ ఆఖరి అధ్యాయంలో ఆ ఉత్తరం విన్న ఇల్లాలు ముసలిదయ్యాక పోస్టుమాస్టరుతో అంటుంది, "నువ్వు సదువుకుంట ఆగినవు సూడు, గక్కడనే నాకు అంత ఎరుకైంది" అని. పుస్తకం మూసి ఏడ్చాను. ముప్పై ఏళ్ళు ఇంటింటి ముందు ఉత్తరాలు చదివి, ఎక్కడ ఆగితే వినేవాళ్ళకు ఏమర్థమవుతుందో తెలిసిన మనిషి ముందు నేను ఆ రోజు ఆగాను. అంతా అర్థమయ్యే చాయ్ తాగి పొమ్మన్నాడో, ఏమీ నమ్మకుండానే పోయాడో నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు.

దారంతో కుట్టిన ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. అడిగి చెబుతానన్న మాట ఆమెకు చెప్పలేదు, మళ్ళీ ఇస్తానన్న పుస్తకం ఇవ్వలేదు. వాళ్ళకున్న ఒక్క ప్రతీ నావల్ల పోయింది. వచ్చే ఆదివారం దాన్ని సంచిలో పెట్టుకుని సిరిసిల్లకు పోతున్నాను. ఆమె వస్తుందో రాదో, ఆమె భర్త వచ్చాడో రాలేదో, ఆ వాడకట్టులో ఇంకా ఎవరైనా చదివి వినిపిస్తున్నారో లేదో. వస్తే ఏం చెప్పాలో మాత్రం అనుకున్నాను. ముందుమాట రాసిననాటికి నేను ఆ పుస్తకం చదవలేదని చెబుతాను. వినవలసిన మనిషి వినకుండానే పోయాడు. బావ ఉన్నన్నాళ్ళూ ఆ పుస్తకం చదవడానికి నాకు తీరిక దొరకలేదు, ఇప్పుడు నా దగ్గర ఉన్నదంతా తీరికే.