చొక్కా జేబులో పట్టిన కంప్యూటరు

మినెగిషి సదావోకి యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై మూడేళ్ళు లిఫ్టుల నెత్తి మీద నిలబడే గడిపాడు. లోపల కాదు, పైన. చీకటి గోతిలో, గ్రీజు కంపులో, లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి, ఒక చేత్తో ఇనుప తాళ్ళు తడిమి చూడటం ఆయన ఉద్యోగం. టోక్యో ఉత్తరపు పేటల్లో ఆయన తడమని తాడు లేదు. ఆయన కన్నుగప్పిన తెగిన తీగ ఒక్కటీ లేదని కంపెనీలో చెప్పుకునేవారు. ఆయన ఇంకాస్త గట్టిగా చెప్పుకునేవాడు. చెప్పుకుంటే ఏం? పని తెలిసిన మనిషి.

లోపం కనిపిస్తే కాగితం మీద రాసి, దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేవాడు. ఆ ఎర్ర సున్నా ఆఫీసుకు చేరితే చాలు, లిఫ్టు ఆపించడం, తాడు మార్పించడం అంతా వాళ్ళే చూసుకునేవారు. భవనంలో ఉండేవాళ్ళకు మాత్రం పనివాడు నోరు విప్పి ఏమీ చెప్పకూడదు. ఊరికే జనాన్ని బెదరగొట్టకూడదని కంపెనీ పద్ధతి. మినెగిషి ఆ పద్ధతిని ఒక్కనాడూ తప్పలేదు.

రెండు వేల ఎనిమిది వానల్లో ఆ కాగితాలకు నూకలు చెల్లాయి. జూలై నుంచి రిపోర్టులు ఎక్కడికక్కడే కంప్యూటరులో కొట్టి పంపాలి, ఎవరికి వీలైన బుల్లి కంప్యూటరు వాళ్ళు ఎంచుకోండి అన్నారు. దాంతో ఒక శనివారం మధ్యాహ్నం మినెగిషి తడిసిన గొడుగు దులుపుకుంటూ, ఎలక్ట్రానిక్ సామాన్ల పేట అకిహబారాలో ఒక ఇరుకు మెట్ల దారి ఎక్కి, పాత చిన్న కంప్యూటర్లు అమ్మే కొట్టులో అడుగుపెట్టాడు.

కొట్టు తోగాషి అనే ఆవిడది. ఎవరితోనైనా పాత స్నేహితురాలిలా మాట్లాడుతుంది.

"ఏ పనికండీ?"

"నిలబడి చేసే పనికి. బల్ల ఉండదు, కుర్చీ ఉండదు. ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీ ఉండదు."

"అయితే మీకు కావలసింది కంప్యూటరు కాదు, మూడో చెయ్యి," అని నవ్వి, మూడు యంత్రాలు తెచ్చి గాజు బల్ల మీద పరిచింది.

మొదటిది అన్నం డబ్బా అంత ఉంది. మూత తీస్తే వేళ్ళకు అందే మీటలు, కళ్ళద్దాలు లేకపోయినా కనిపించే అక్షరాలు. కానీ దాన్ని ఒక చేత్తో పట్టుకుంటే కొట్టడానికి చెయ్యేదీ? రెండోదానికి మీటలే లేవు, తెర మీద పుల్ల లాంటి పెన్నుతో రాయాలి. గ్లవుజు చేతిలోంచి ఆ పెన్ను మూడుసార్లు జారింది.

"ఇది గోతిలో పడిందనుకోండి, తీయడానికి నేను లిఫ్టు ఆపాలి. పెన్ను కోసం లిఫ్టు ఆపానంటే మా వాళ్ళు నెల రోజులు నవ్వుతారు," అన్నాడు మినెగిషి.

మూడోది అరచేతిలో ఇమిడింది. బియ్యపు గింజల్లాంటి మీటలు, ఒక్క బొటనవేలితో నొక్కవచ్చు. పనిచొక్కా జేబులో పెట్టి చూసుకున్నాడు. దర్జీ కొలత తీసి కుట్టినట్టు కూర్చుంది. వంగి చూశాడు, లేచి చూశాడు, చిన్న గెంతు కూడా గెంతాడు. జారలేదు.

తోగాషి మాత్రం నవ్వలేదు. "తేలికే, కాదనను. కానీ అక్షరాలు చీమలంత ఉంటాయి. ఆ జేబులో మీ కళ్ళద్దాలు ఉన్నాయిగా, వాటినెక్కడ పెడతారు?"

"సంచీలో."

"సంచీ మీతో పాటు పైకి ఎక్కుతుందా?"

"మీరు అమ్మడానికి కూర్చున్నారా, చెడగొట్టడానికి కూర్చున్నారా?" అని ఆయన కసిరినట్టే అని, మూడింటి మీదా ఒకే వాక్యం కొట్టి చూడటం మొదలుపెట్టాడు: ప్రధాన తాడు, ఇజో.

ఇజో అన్న పలుకుకు జపాను లిపిలో రెండు రాతలున్నాయి. ఒక రాతకు అర్థం లోపం. రెండో రాతకు అర్థం ఇంతే, అంటే ఏ రిపోర్టైనా ముగించేటప్పుడు అట్టడుగున రాసే మాట. నోటితో అంటే గొంతు లేచే చోటు వేరు, చెవికి ఇట్టే తెలిసిపోతుంది. మీట నొక్కితే మాత్రం రెండూ ఒకటే, ఏ రాత పెట్టాలో యంత్రం ఎంచుతుంది. మొదటి రెండూ సరిగ్గా లోపం అని పెట్టాయి. మూడోది 'ప్రధాన తాడు, ఇంతే' అని పెట్టింది.

మినెగిషి పగలబడి నవ్వాడు. "చూశారా, తాడు పని అయిపోయిందట!"

"చివరిసారి ఏ రాత వాడితే దాన్నే ముందు పెడుతుందండీ ఇది. దీని పాత యజమాని ఉత్తరాలు రాసే మనిషి అయ్యుంటాడు. మీరు లోపం అని ఒకసారి ఎంచుకోండి, నేర్చుకుంటుంది."

ఎంచుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. ఈసారి బుద్ధిగా లోపం అనే వచ్చింది. అదే కొన్నాడు. తను రాసే ప్రతి రిపోర్టు అడుగునా తనే 'ఇంతే' అని రాస్తానన్నది, కొన్నాయనకూ తట్టలేదు, అమ్మినావిడకూ తట్టలేదు. ఊపిరి పీల్చడం లాంటి అలవాటు అది, ఎవరికి గుర్తుంటుంది?

జూలై రెండో వారంలో మినోవా దగ్గర పసుపు పలకల అపార్ట్‌మెంటుకు వెళ్ళాడు. ఏడంతస్తులు, ఒకటే లిఫ్టు, దానికి మూడు తాళ్ళు. ఆరో అంతస్తు ఒగుని బామ్మ గుమ్మంలోనే పట్టుకుంది. ఎనభై ఒక్కేళ్ళు, తుంటి అరిగిపోయి మెట్లు దిగలేదు. రోజూ నాలుగింటికి చక్రాల సంచీ లాక్కుంటూ టోఫు కొనుక్కోవడానికి దిగుతుంది.

"ఏమయ్యా మినెగిషీ, మీ లిఫ్టులో పిల్లి దూరింది. గోడ గీకుతోంది."

"పిల్లి కాదు బామ్మగారూ, మీ చెవులు."

"నా తుంటి పోయింది గానీ చెవులు పోలేదు!"

పైకప్పు ఎక్కి తడిమితే చేతికి గుచ్చుకుంది. మూడు తాళ్ళలో ఒకదానికి తీగలు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి, ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది. ఆ రోజుకారోజు మునిగిపోయేదేమీ లేదు గానీ పది రోజుల్లో మార్చి తీరాలి. కళ్ళద్దాలు సంచీలో ఉన్నాయి, సంచీ మోటారు ఉండే పై గదిలో ఉంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని బొటనవేలితో కొట్టాడు: ప్రధాన తాడు, ఇజో. చీమల్లో ఒక చీమ కదిలింది. ఖాయం చేసే మీట రెండుసార్లు నొక్కి పంపేశాడు. కింద వాచ్‌మన్ వాకుయి "అంతా బాగేనా?" అని అడిగితే, "ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

ఆగస్టులో నెలవారీ తనిఖీకి మళ్ళీ వచ్చాడు. కీచురాళ్ళు చెవులు కోస్తున్నాయి. తాడు మార్చినట్టు గోడ మీద నోటీసు ఏదీ లేదు.

"తాడు ఎప్పుడు మార్చారు?" అని అడిగాడు వాకుయిని.

"ఏ తాడండీ? అన్నీ సవ్యంగా ఉన్నాయని మీ ఆఫీసు ఉత్తరం వచ్చిందిగా. బామ్మ గోల పెడుతుంటే నేనే చదివి వినిపించా. మీరు చూశారంటే ఇంక భయం లేదంది పాపం. ఇప్పుడే టోఫు పట్టుకుని ఎక్కింది, అంతస్తంతస్తుకీ లిఫ్టు ఆపి కబుర్లు చెప్పుకుంటూ పోతుందిగా."

మినెగిషి లిఫ్టు వైపు తిరిగాడు. తలుపు వెనక గోతిలోంచి చప్పుడు వినిపిస్తోంది. సర్రు... సర్రు... అని, ఆగి ఆగి. పిల్లీ కాదు, బల్లీ కాదు. తెగిన తాడు ఊగుతూ గోడను కొడుతున్న చప్పుడు అది. ఆయన సంచీ ఎత్తుకుని మెట్ల మీద పరిగెత్తాడు. ఈ వయసులో ఏడంతస్తులు! పై గది తలుపు తోసి, పెద్ద స్విచ్చి కిందికి లాగాడు.

లిఫ్టు ఐదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది. టార్చీ వేసి చూశాడు. ఒక తాడు పూర్తిగా తెగిపోయింది. దాని కొస తగిలి తగిలి పక్క తాడు కూడా సగం చీలింది. సవ్యంగా ఉన్నది ఒక్కటే.

గోతిలోంచి ముసలి గొంతు వచ్చింది. "ఎవరక్కడ? మినెగిషేనా? ఇజోనా అయ్యా?"

"అవును బామ్మగారూ! ఇజోనే! కదలకండి, తలుపు ముట్టుకోకండి!"

ఆ మాట నోటితో అనగానే ఆయనకు ఏదో తట్టింది. సంచీలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, జేబులోని యంత్రంలో జూలై రిపోర్టు చూశాడు. 'ప్రధాన తాడు, ఇంతే.' ఆ రోజు వాకుయితో ఒక్కసారి నోటితో అని ఉంటే, ఎంత చెవిటివాడికైనా అర్థమయ్యేది. ఛీ, ఏం మనిషిని నేను అనుకున్నాడు.

ఇక మిగిలింది చేత్తో దించడమే. వాకుయి రొప్పుతూ పైకొచ్చాడు. బ్రేకు వదిలించే కర్ర అతని చేతికిచ్చి, "నేను అన్నప్పుడే వదలండి, ఆపమంటే ఆపండి," అని చెప్పి, మినెగిషి మోటారు చక్రం పట్టుకున్నాడు. ఒక్కో అంగుళమే తిప్పాలి. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి ఆఫీసులో రిపోర్టులు చూసే అమ్మాయి కిత్సుకవాను పిలిచాడు.

"మినోవాది అలాగే ఉందండీ, తాడు, ఇంతే అని," అందా అమ్మాయి. "మీరు అక్కడితో ముగించారనుకున్నాను. ఎప్పుడూ పొడిపొడిగానే రాస్తారు కదా. క్లుప్తంగా రాయడం మీ దగ్గర నేర్చుకోమని మా సెక్షను చీఫ్ కూడా అన్నారు."

"అలా 'తాడు, ఇంతే' అని ముగిసినవి ఇంకెన్ని ఉన్నాయి?"

మీటల చప్పుడు వినిపించింది. "ఇంకొక్కటి. మాచియాలో ఎముకల డాక్టరు గారు ఉండే భవనం." మీటల చప్పుడు ఆగింది. "మినెగిషి గారూ, ఇందాక రెండింటికి వాళ్ళు ఫోను చేశారండీ. లిఫ్టులో ఏదో గీకుతున్నట్టుందని. మీ రిపోర్టు తీసి చూశాను. మినెగిషి గారు తడిమిన తాళ్ళవి, ఏ భయమూ లేదు, చేతికర్రలవాళ్ళని కూడా ఎక్కించుకోండి అని చెప్పాను."

"ఇప్పుడే చెయ్యి. లిఫ్టు ఆపమను. నోటితో చెప్పు, నీకు పుణ్యముంటుంది!"

"చేస్తున్నానండీ. ఉండండి."

అవతల రెండో ఫోను మోగడం ఆయనకు వినిపిస్తోంది. కింద నుంచి బామ్మ, "అయ్యా, ఇంకెంతసేపు? టోఫు చెడిపోతుంది," అని అడిగింది. వదిలిపెట్టి పరిగెత్తడానికి లేదు, చేతుల్లో ఒక ప్రాణం ఉంది. ఆయన ఇంకో అంగుళం తిప్పాడు.

"ఎవరూ ఎత్తడం లేదండీ," అంది కిత్సుకవా.