కాలు విరిగిన కబురు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నేను కనబడితే హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. గల్ఫ్‌కు పోయినవాళ్ల కుటుంబాలకు సాయపడే ఓ చిన్న సంస్థలో కార్యకర్తను నేను. సాయమంటే ఎక్కువగా చావు కబురు చెప్పడం, ఆ తర్వాత శవం కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం. (పెళ్లి సంబంధాలవాళ్లు అడిగితే మా అమ్మ "ఆఫీసు పని" అని మాట మార్చేది.) మా పెద్దసారు మొదటిరోజే నేర్పాడు: "సచ్చిపోయిండని ఒక్కపారే అనొద్దమ్మా. జర తబియత్ బాగలేదు, దవాఖానల ఉన్నడు అని మొదలువెట్టాలె." మేమంతా అలాగే చెప్పేవాళ్లం. మేం అలాగే చెప్తామని ఊళ్లన్నిటికీ తెలుసు.

వరుసగా అవే కబుర్లు మోసి, ఇక మానేద్దామనుకుంటుండగా బతికున్న మనిషి కబురొకటి దొరికింది. దుబాయ్‌లో ఒకతను కట్టడం మీంచి జారిపడ్డాడు. కాలు విరిగింది, ఫోన్ పగిలింది, ప్రాణానికి ఢోకా లేదు. సంబరంగా వెళ్లి వాళ్లమ్మతో, "ఏం ఫికర్ లేదవ్వా, కాలు విరిగిందంతే, దవాఖానల ఉన్నడు" అన్నాను.

అవ్వ చేతిలో చేట వదిలేసి కూలబడింది. "అయ్యో కొడకా!" అన్న అరుపుకు వాడకట్టంతా వచ్చింది. "నిజంగ బతికే ఉన్నడవ్వా" అన్నాను. "ముందుగాల అందరు గట్లనే అంటరు బిడ్డా" అని ఇంకా గట్టిగా ఏడ్చింది. ఒట్టు పెట్టాను. ఏం చేయాలో తోచక నాకూ కళ్లలో నీళ్లొచ్చాయి. దాంతో వాళ్లకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఒక పెద్దమనిషి పక్కకు పిలిచి, "శవం ఎప్పుడస్తది మేడం?" అన్నాడు. "శవం కాదన్నా, మనిషే అస్తడు" అంటే నన్ను జాలిగా చూశాడు.

అతని గదిలో ఉండే తోటి కూలీకి ఫోన్ మీద ఫోన్ చేశాను. అతను డ్యూటీ దిగి ఆస్పత్రికి పోయి, పొద్దుగూకే వేళకు వీడియో కాల్ కలిపాడు. తెర నిండా కట్టు కట్టిన కాలు, దాని వెనక మనిషి. ఇంటినిండా ఏడుస్తున్న జనాన్ని చూసి అతను హడలిపోయాడు. "అవ్వా, ఎవలు సచ్చిపోయిండ్రే?"

అవ్వ ఫోన్‌ను చెంపకు ఆనించుకుంది. తర్వాత నాకు వేడన్నం పెట్టి, తల నిమిరి, గుమ్మం దాకా సాగనంపింది. "నువ్వు మంచిదానివి బిడ్డా. నీకు దండం వెడ్త, మా ఇంటికి మళ్లెన్నడు రాకు."

దారిలో నవ్వాను, తర్వాత ఏడ్చాను, మర్నాడు మామూలుగా పనిలోకి వెళ్లాను. ఇప్పటికీ అదే పని. ఆ ఊరి మీదుగా పోవాల్సివస్తే ఆ వాడకట్టు తప్పించి చుట్టూ తిరిగి పోతాను. పెట్రోలు దండగని ఆఫీసులో కొత్త పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఇన్నేళ్లలో ఆ అవ్వకు నేను మోసుకెళ్లిన మంచి కబురల్లా, వెళ్లకపోవడమే.