ఓటు సారు నమ్మని వయసు

యాభైల్లో మాట. నేను కాపురానికొచ్చిన ఆరేళ్లకు ఓట్లు వచ్చాయి. మోత్కూరు దగ్గర పల్లె మాది, మేకలూ గొర్రెలూ పెంచుకునే ఇల్లు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పొద్దంతా చేనులో కలుపు తీసి, కమిలిపోయిన చెంపలకు సాయంత్రం అంగట్లో కొన్న స్నో క్రీము రాసుకునేదాన్ని. ముఖం జిడ్డుగా మెరిసేది తప్ప గరుకు తగ్గేది కాదు. మా అత్త తెల్లారగానే మేకల వెంట వెళ్లి పొద్దుగూకాక వచ్చేది. ఆమె ముఖం మాత్రం నున్నగా, ఒక్క ముడత లేకుండా ఉండేది. లోలోపల నాకు కుళ్లుగానే ఉండేది.

ఓటు వెయ్యడానికి పక్క ఊరి బడికి ఇద్దరం నడిచి వెళ్లాం. లోపల కూర్చున్న సారు ఎక్కడో పట్నం నుంచి వచ్చినవాడు. అత్త పేరు చదివి, ఆమె ముఖం చూసి, మళ్లీ కాగితం చూశాడు.

“ఇక్కడ యాభై ఎనిమిదేళ్లని రాసి ఉంది. ఇది మీ ఓటు కాదమ్మా. వెళ్లి మీ అత్తగారిని పంపండి.”

“మా అత్త సచ్చి పన్నెండేండ్లాయె సారూ. యాడికెల్లి తేవాలె?” అంది అత్త.

వెనక వరుసలో నవ్వులు. సారు ముఖం ఎర్రబడింది. నేను ముందుకు జరిగి, “గామె మా అత్తనే సార్” అన్నాను.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “మీ అక్కేమో అనుకున్నాను” అన్నాడు.

నాకు తల కొట్టేసినట్లయింది. అత్త మాత్రం తొణకలేదు. కొంగులోంచి రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టింది. నల్లగా మాడి, పగుళ్లు తేలి, ఎండిన చెరువు మట్టిలా ఉన్నాయి.

“గీటిని చూడు సారూ. నా వయసంత గీ చేతులల్లనే ఉన్నది.”

సారు చాలాసేపు చూశాడు. “మరి ముఖం ఇట్లా ఎలా ఉందమ్మా?” అని అడిగాడు, ఓటు సంగతి మరిచిపోయినట్లు.

“మొఖానికి ఎండ తగలనియ్య. గొంగడి కొప్పెర నెత్తి మీదికెల్లి కండ్ల దాంక గుంజుకుంట. చేతులు గూడ దాసుకుంటే మేకలనెవరు కాస్తరు?”

సారు పకపకా నవ్వి, ఆమె వేలికి సిరా పెట్టాడు.

తిరుగు దారిలో ఉండబట్టలేక అడిగాను. “గంతేనా అత్తమ్మా? ఇంకేం లేదా?”

“చుట్ట తాగ. మేక కాళ్ల పులుసు ఇడువ. నీకేమో వాసన వడదాయె” అంది.

మర్నాటి నుంచి నేను కలుపుకు పోయినప్పుడల్లా తలా చెంపలూ కప్పి గుడ్డ చుట్టుకున్నాను. మొదట్లో తోటి ఆడవాళ్లు, “కొత్త పెండ్లికూతురు లెక్క గా ముసుగేందే?” అని ఆటపట్టించారు. ఆ ఎండాకాలం గడిచేసరికి వాళ్లలో సగంమంది ముసుగుల్లోనే ఉన్నారు. నా చెంపల మంట తగ్గింది. గరుకు కూడా మెల్లగా పోయింది. పులుసు కూడా నేర్చుకున్నాను. మేక కాళ్లను మంట మీద కాల్చి, గీకి, మిరియాలు, ఎల్లిపాయ వేసి పొద్దంతా సన్నని సెగ మీద ఉడికించాలి. చలికాలంలో మిగిలిన పులుసు తెల్లారేసరికి గడ్డకట్టేది.

కొన్నేళ్లకు తాలూకా దవాఖాన డాక్టరమ్మ మా ఊరికి టీకాలు వెయ్యడానికి వచ్చి మా ఇంట్లో భోంచేసింది. గడ్డకట్టిన పులుసును గరిటెతో కదిపి చూసి, “ఇది కొల్లాజెన్ మహిమమ్మా” అంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే పదార్థం అదేనట. ఎండ దాన్ని కొంచెం కొంచెంగా చెడగొడుతుందట. అందుకే అత్త ముఖం నిలిచింది, చేతులు నిలవలేదు.

“మరి పులుసు తాగితే గది మొఖానికి వస్తదా?” అని నేను ఆశగా అడిగాను.

“అది మాత్రం నేను ఒట్టేసి చెప్పలేను. ఎండకు కప్పుకోవడం మటుకు మానకండి” అంది డాక్టరమ్మ.

అత్త ఆమె గిన్నెలో వేడి చేసిన పులుసు ఇంకో గరిటె వేస్తూ, “మొఖానికి రాకుంటే మాయె బిడ్డా, కడుపుకైతే వస్తది. తాగు” అంది.

డాక్టరమ్మ మూడోసారి కూడా వేయించుకుంది.