వద్దంటే వెనక్కి వచ్చిన సూది

మొన్న రక్తపరీక్ష కోసం ఆసుపత్రికి వెళితే, నర్సింగ్ చదువుతున్న ఒకమ్మాయి సూది పట్టుకుని వచ్చి, "రక్తం తియ్యమంటారాండి?" అంది. సరదాకి "ఇప్పుడొద్దులేమ్మా" అన్నాను. ఆ పిల్ల నిజంగానే "అలాగేనండి" అని ట్రే తీసుకుని వెళ్ళబోయింది. నవ్వు రావలసిన చోట నాకు మా ట్యూటరు గారు గుర్తొచ్చారు.

తొంభైల్లో రాజమండ్రిలో నర్సింగ్ చదివేటప్పుడు నాదీ ఇదే తంతు. మాది భీమవరం దగ్గర చేపల చెరువుల ఇల్లు. పెద్దవాళ్ళని అడక్కుండా మంచం మీద దుప్పటి కూడా జరపకూడదని పెంచారు. ఆ మర్యాదని వార్డులోకీ మోసుకొచ్చాను. కాలి పుండుతో చేరిన మండపేట రైసుమిల్లు పనివాడొకాయన ఉండేవాడు. మా నాన్న వయసు. "ఇంజెక్షన్ చెయ్యమంటారాండి?" అని అడిగేదాన్ని. సూది పొడిపించుకోవాలని ఎవరికి ముచ్చట? "సాయంత్రం చూద్దాంలేమ్మా" అనేవాడు. నేను బతుకుజీవుడా అని నింపిన సిరంజితో తిరిగొచ్చేదాన్ని. నా బదులు సీనియర్లు వెళ్ళి చేసొచ్చేవారు. చివరికి, ఆ వారంలో నా చేత్తో ఇంజెక్షన్ చెయ్యకపోతే ఇంటికి పంపేస్తామని ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు. నేను వచ్చేస్తే చేపల మేత కొట్లో కూర్చోబెడదామని నాన్న కాచుకుని ఉన్నారు. నాకేమో నర్సు అవ్వాలని ప్రాణం.

మా ట్యూటరు గారికి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ రోజెందుకో ఆవిడ తిట్టలేదు. "మీ ఇంటికొచ్చిన చుట్టం అన్నం వద్దంటే, మీ అమ్మ గిన్నె పట్టుకుని లోపలికెళ్ళిపోద్దా?" అన్నారు.

"లేదండి. పక్కన కూర్చుని, ఎందుకొద్దో అడిగి, మాటల్లో పెట్టి తినిపిస్తుందండి."

"మరి నువ్వెందుకు లేచొచ్చేస్తన్నావ్?" అంటూ ఆ పెద్దాయన మంచం పక్కకి స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టి, దూరంగా వెళ్ళి నిలబడ్డారు. ఎందుకు వద్దంటున్నారని అడిగాను. "పొడిచిన చోటే పొడుస్తన్నారమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఈసారి రెండో వైపు చేస్తానన్నాను, మందు మధ్యలో ఆపితే పుండు మళ్ళీ తిరగబెడుతుందని చెప్పాను. ఆయన "కానీయమ్మా" అని తనే పక్కకి తిరిగాడు. సూది సరిగ్గానే దిగింది. ట్యూటరు గారు మెచ్చుకోలేదు. సాయంత్రం మెస్సులో నా కంచంలో, నేను వద్దంటున్నా ఇంకో గరిటె పప్పు వేసి వెళ్ళారు. ఇన్నేళ్ళుగా నేను తింటున్న అన్నం ఆవిడ పెట్టిందే.

"ఆ స్టూలు ఇలా లాక్కుని కూర్చోమ్మా" అన్నాను వెళ్ళబోతున్న పిల్లతో. కాలం మా ట్యూటరు గారిని ఎప్పుడో తీసుకెళ్ళిపోయింది, ఆవిడ వేసిన స్టూలు మాత్రం ఇక్కడే వదిలేసింది.